అన్నమునకు ఎల్ల ఏది?

నంద్యాల మిల్లుల ముంగిట ధాన్యమునకు నేటికిని మొదటి పరీక్ష పంటితోనే జరుగును. బస్తానుండి తీసిన గింజను కొరికి, కటుక్కుమన్న ఆ చిన్న చప్పుడునుబట్టియే తడి ఆరినదో లేదో చెప్పు పెద్దలున్నారు. కె.సి. కాలువ నీటితో పండి, కర్నూలు సోనాయను పేర దూరదేశముల కంచములను సైతము చేరు ఆ గింజ ఎవరి అన్నము? పండించినవానిదా, కొన్నవానిదా, ఆకలిగొన్నవానిదా?

2023 జులై 20న కేంద్రప్రభుత్వము బాస్మతిగాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించిన నాటినుండి ఈ ప్రశ్న నన్ను విడువకున్నది. లోకమున ఎగుమతియగు బియ్యములో నూటికి సుమారు 40 పాళ్లు మనదే కావున, ఇచ్చట తలుపు మూసినంతనే అమెరికాలో మనవారు దుకాణములముందు బారులు తీరిరి. మన బియ్యము కొని వండుకొను బెనిన్, మడగాస్కరు దేశముల పేదలకు అట్టి బారులు తీరు స్తోమతయైనను లేదు. తలుపు మరల తెరచినది 2024 సెప్టెంబరు 28న.

ఇంటిబిడ్డల కడుపు నిండినపిమ్మటనే పొరుగువారికి పెట్టవలెననుటలో అధర్మము లేదు. తెరచిన తలుపే ధర్మమని నమ్మవలెనన్నను మా సీమకు 1876–78 నాటి కరవు అడ్డువచ్చును. ధరలలో ప్రభుత్వము జోక్యము చేసికొనరాదని నాటి వైస్రాయి లిట్టను ప్రభువు పట్టుపట్టగా, కరవుపనులలో రాళ్లు మోయు మనిషికి ఆయన పంపిన రిచర్డు టెంపులు రోజుకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని కూలి తగ్గించగా, దేశపు ధాన్యము ఓడలనెక్కి పోవుచునే యుండెను. గింజ లేక కాదు, గింజ కొన కాసులేక కర్నూలు జిల్లా ఊళ్లు పాడుపడినవి.

కనుక నా శంక తలుపును గూర్చినది కాదు, దానమును గూర్చినది. పరుల సొమ్ముతో చేసినది దానము కానేరదని మన ధర్మశాస్త్రముల మర్యాద. ధర పలుకు వేళ ఎగుమతి నాపి, ఆ నష్టమును రైతునెత్తిన వేసి, పట్టణములకు చౌకగా అన్నము పెట్టినచో ఆ పుణ్యమెవరిది? రైతుకు తగిన ధర యిచ్చి కొని, చౌకదుకాణములు నింపి, మిగిలినది ఎల్లలు దాటనిచ్చుట ప్రభువుల పని. ఖర్చు ఖజానాది కావలెను. తైత్తిరీయము అన్నమును సమృద్ధిగా చేయుమని చెప్పి, ఆ వెంటనే ఆశ్రయము కోరి వచ్చినవానిని కాదనవలదన్నది. ఆ రెండు మాటలను విడదీయుటకు నాకు మనసొప్పదు.

ఆళ్లగడ్డకు చేరువనున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి 1866 కరవునాడు వేలమందికి గంజి పోయించినది తన ధాన్యముతోనే. చిప్ప చాచి నిలిచినవానిని నీది ఏ ఊరని అడిగి పోయించినట్లు ఎవ్వరును చెప్పగా నేను వినలేదు.