త్రాగిన స్నేహితునిపట్ల మన ధర్మము

త్రాగుట తప్పని విద్యార్థులకు బోధించువారు మనలో పెక్కురు గలరు. త్రాగి పడియున్నవానిపట్ల తోడివారి ధర్మమేమో చెప్పువారు మాత్రము మిక్కిలి యరుదు. మొదటి బోధ అనవసరమని నేననుటలేదు. ఆంధ్రప్రదేశమున 21 ఏండ్లు నిండనివారికి మద్యము విక్రయించుట చట్టవిరుద్ధము. కళాశాలలో చదువు పిల్లలలో పలువురు ఆ వయస్సునకు లోబడినవారే. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెను. చట్టములు వచ్చును, పోవును. వలదన్నంతమాత్రమున తమ పని తీరినదనుకొనుట పెద్దల సోమరితనము.

విజయనగర మహారాజావారి కళాశాలలో అధ్యాపకులుగ నుండిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'న, 1909 నాటి కూర్పులో, సారా దుకాణపు రంగమొకటి యున్నది. అందు బైరాగితో కూడి త్రాగువారిలో ఎవరును తమ వివేకము పోయినదని తలపరు. పైగా వేదాంతము మాటలాడుదురు. నవ్వు పుట్టించు రంగమే గాని, అందు గొప్ప సత్యమిమిడియున్నది. కాళ్లు తడబడుటకు ముందే, "ఎంత త్రాగితిని, ఇక చాలునా" యని తూచు శక్తి చెడును. కొలత తెలుపవలసిన త్రాసే మొదట పాడగుచున్నది. కావున "నా మితము నాకు తెలియును" అను మాట మొదటి గ్లాసునకు ముందు మాత్రమే చెల్లును. మితము నిర్ణయింపవలసినది అప్పుడే. దానికి కావలి యుండవలసినది త్రాగని మరియొకడు.

మన్యపు పల్లెలలో జీలుగు కల్లును పదిమంది నడుమ, పెద్దల యెదుట త్రాగుదురు. అది యాదర్శమని చెప్పను. కల్లువలన చెడిన సంసారములు అచ్చటను గలవు. కాని పల్లె విడిచి శ్రీకాకుళమునకో విజయనగరమునకో చదువుకై వచ్చిన కుర్రవాడు అద్దెగది తలుపు వేసికొని, ఎవరైన వత్తురేమో యను జంకుతో, ఖాళీ కడుపున, పందెము వేసికొని గడగడ త్రాగును. దాపరికమే మోతాదును పెంచుచున్నది.

అతడు స్పృహ తప్పెననుకొందము. మిత్రులేమి చేయుదురు? మజ్జిగ పోయుదురు. తలపై చన్నీళ్లు గ్రుమ్మరింతురు. "పండుకోనిండు, తెల్లవారిన సరియగును" అని దీపమార్పుదురు. స్నేహము పేర ఇంతకన్న ప్రమాదకరమైన పని లేదు. కాలేయము మద్యమును తన మందగతినే హరించును. మజ్జిగకు గాని కాఫీకి గాని దానిని త్వరపెట్టు శక్తి లేదు. త్రాగుట మానిన పిమ్మటను కడుపులో మిగిలినది రక్తములోనికి చేరుచునే యుండును గనుక, నిద్రించువాని స్థితి క్రమముగ దిగజారవచ్చును. వెల్లకిల పడియున్నవానికి వాంతి గొంతున కడ్డుపడి ఊపిరి యాగవచ్చును. పిలిచినను గిల్లినను లేవకున్నను, శ్వాస మందగించినను, ఒడలు చల్లబడి పెదవులు నీలమైనను, వానిని ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టి, 108కి ఫోను చేసి, బండి వచ్చువరకు దగ్గరనే యుండవలెను. నోట ఏమియు పోయరాదు.

మోటారుసైకిలు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నవాడు బండి నడుపుట నేరము. తాళపుచెవి దాచిన మిత్రుడు ఆ రాత్రి తిట్లు తినును, తిననిండు.

ఇంత తెలిసియు పిల్లలు ఫోను చేయకపోవుటకు కారణము అజ్ఞానము గాదు, భయము. వార్డెనునకు తెలియును, ఇంటికి తెలియును, చదువు మానిపింతురు. పైగా "ఎవరికిని చెప్పను" అని మాట యిచ్చియుందురు. మాట తప్పవచ్చునా? తప్పవలెననియే నా యభిప్రాయము. ఆ మాట వాని పరువు నిలుపుటకు ఇచ్చినది. ప్రాణము పోవుచుండగా దానిని పట్టుకొని కూర్చుండుట సత్యవ్రతము గాదు, పిరికితనమునకు సత్యమను ముసుగు.

అయితే ఈ పిరికితనములో మన భాగమెంత? కన్నబిడ్డ చావుకన్న తండ్రి కోపమునకు ఎక్కువ వెరచునట్లు చేసితిమేని, ఆ చావునకు మనమును బాధ్యులమే. త్రాగినందుకు దండింపుడు, అడ్డుచెప్పను. సహాయమునకై పిలిచినవానిని మాత్రము దండింపరాదు. వసతిగృహమున చేరిన మొదటిదినమున, నియమములు చదివి వినిపించు నోటితోనే, అర్ధరాత్రియైనను తలుపు తట్టవచ్చునని ఆ పిల్లలకు చెప్పవలెను.