చెప్పని బాధ



బిడ్డకు జ్వరము వచ్చినచో నుదుటిపై చేయి వేసి తెలిసికొందుము గాని, మనస్సునకు కలిగిన తాపము చేతికి తగులదు. అది బిడ్డ నడవడియందే వ్యక్తమగుచుండును. బడికి పోవు వేళకు ప్రతిదినము కడుపునొప్పి యని మూలుగు చిన్నవానిని, వైద్యుడు ఏ దోషమును లేదన్నంతమాత్రమున, అబద్ధమాడుచున్నాడని తలంపరాదు. పసివారి భయము తరచుగా కడుపునొప్పిగానో తలనొప్పిగానో వెలువడును. కౌమారమున దుఃఖము కోపరూపమున కనుపించుటయు కలదు.

హాస్టలులో నుండి ఇంటర్మీడియట్ చదువుచు, ప్రతి ఆదివారము ఫోనులో ముచ్చటలాడు పిల్ల, క్రమముగా "బాగానే ఉన్నాను" అను ఒక్కమాటతో ముగించుచు, నిద్రాహారములు తప్పి, ఇష్టమైన ఆటపాటలను విడిచి, రెండు వారములకు మించి అట్లే యున్నచో, మార్కుల ప్రసంగము కట్టిపెట్టి, వెంటనే వెళ్లి, ప్రక్కన కూర్చుండి, "ఏమ్మా, మనసు బాగాలేదా?" అని యడిగి, మధ్యలో తీర్పు చెప్పక వినవలయును.

"నేను లేకపోతే మీకే హాయి" యను మాట వినబడినచో ఉపేక్షింపరాదు. చనిపోవలెనని తోచుచున్నదా యని సూటిగా నడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. పైగా దాచుకొన్న బాధ చెప్పుకొనుటకు దారి యేర్పడును. అట్టి బిడ్డను ఒంటరిగా విడువక, ఆనాడే మానసిక వైద్యుని కడకు గొనిపోవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ అను మానసిక సహాయ సేవకు, 14416 సంఖ్యపై, రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

చదువు ప్రస్తావన లేని పది నిమిషములు నేడే మీ బిడ్డతో గడుపుడు.