చీకట్లో పోసిన పాలు

ఒక ఊళ్లో ఒక పాలకేంద్రం ఉండేది. తెల్లవారుజామున 4:30కే తలుపులు తీసేవారు. పాలు పోసినవారి పేరు, లీటర్లు, వెన్న శాతం గుమాస్తా కంప్యూటర్లో ఎక్కించి చీటీ ఇచ్చేవాడు. రోజూ అందరికంటే ముందు వచ్చేది ఒక ముసలావిడ. ఆమెకున్నది ఒక్కటే గేదె. పాలు పోసి, చీటీ కొంగున ముడేసుకుని, తెల్లారేలోపు మేత వేయడానికి ఇంటికి చేరేది.

బిల్లు పక్షానికోసారి. 15వ తేదీ రాత్రి, మళ్లీ నెలాఖరు రాత్రి డేటాబేస్ లెక్కంతా కూడి కాగితం మీద పెట్టేది. ఏళ్ల తరబడి పైసా తేడా రాలేదు.

కేంద్రంలోని పాత కంప్యూటర్ తరచూ చెడిపోసాగింది. డేటాబేస్‌ను ఎక్కడో దూరాన ఉన్న అద్దె సర్వర్ మీదికి మార్చారు. అదే పోస్ట్‌గ్రెస్ సాఫ్ట్‌వేర్, అవే పట్టికలు. మారిందేమీ లేదని అందరూ అనుకున్నారు.

ఆ పక్షం 15వ తేదీ బిల్లులో ముసలావిడకు ఒక పూట డబ్బు తగ్గింది. ఆమె కొంగున ఉదయం, సాయంత్రం పూటలవి కలిపి చీటీలు 30 ఉన్నాయి, బిల్లులో 29 పూటలే ఉన్నాయి. ఆమెలాగే పెందలాడే వచ్చే మరికొందరికీ అంతే. ఆరు దాటాక వచ్చే రైతులకు మాత్రం సరిగ్గా వచ్చింది. ఈ సంగతి ఎవరైనా అప్పుడే గమనించి ఉంటే కథ ఇక్కడే ముగిసేది.

కేంద్రం ప్రెసిడెంటు గుమాస్తాను అనుమానించాడు. కొలపాత్రలు మార్పించాడు, వెన్న చూసే యంత్రం మార్పించాడు, చివరికి గుమాస్తా పక్కన ఒక కాపలా మనిషిని కూర్చోబెట్టాడు. తర్వాతి బిల్లులోనూ ఒక పూట తగ్గింది. అలా ఆరు బిల్లులు గడిచాయి. ఊళ్లో గుమాస్తాను పలకరించేవాళ్లు తగ్గిపోయారు. అతడి తల్లి గుడికి వెళ్లడం మానేసింది.

ఏడో బిల్లుకు ముందు పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. గుమాస్తాను ఏమీ అడగలేదు, పాత్రలవైపు చూడలేదు. డేటాబేస్ ముందు కూర్చుని షో టైమ్‌జోన్ అని రెండు మాటలు టైపు చేసింది. యూటీసీ అని జవాబొచ్చింది. ఆ విలువ ఎక్కడిదో పీజీ_సెట్టింగ్స్‌లో చూసింది. కొత్త సర్వర్ సెట్టింగుల ఫైలు నుంచి వచ్చినట్టు అక్కడే రాసి ఉంది.

ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ మన గడియారం కంటే అయిదున్నర గంటలు వెనక. మనకు పొద్దున 5:30 అయితేగాని ఆ లెక్కలో కొత్త తేదీ పుట్టదు. 16వ తేదీ 4:30కు పోసిన పాలు డేటాబేస్‌కు 15వ తేదీవి. 15 దాకా బిల్లు ముందు రాత్రే అచ్చయిపోయింది. 16 నుంచి మొదలయ్యే బిల్లు వాటిని తనవిగా లెక్కించదు. ప్రతి పక్షంలోనూ ఒక పూట పాలు ఆ సందులో జారిపోయాయి. నష్టపోయింది చీకట్లో లేచి వచ్చినవాళ్లే.

అదృష్టం కొద్దీ నమోదైన సమయాలు చెక్కుచెదరలేదు. పాలు పోసిన క్షణాన్ని డేటాబేస్ సరిగ్గానే దాచింది, దాన్ని తేదీగా మార్చేటప్పుడే తేడా చేసింది. ఆ అమ్మాయి ఆల్టర్ డేటాబేస్ ఆదేశంతో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా మార్చి, కొత్తగా కనెక్టయి, షో టైమ్‌జోన్ అని మళ్లీ అడిగి చూసుకుంది. పాత బిల్లులు తిరిగి లెక్కగట్టారు. ముసలావిడకు ఆరు పూటల డబ్బు అందింది. ప్రెసిడెంటు గుమాస్తా ఇంటికి నడిచి వెళ్లాడు.

నీతి: లెక్క తప్పినప్పుడు ఆ ఊరు కొలిచిన చేతినీ కొలపాత్రనూ విచారించింది గానీ, తన సెట్టింగులేమిటో అడిగితే దాచకుండా చెప్పే డేటాబేస్‌ను మాత్రం అడగలేదు. డేటాబేస్‌ను కొత్త చోటికి మార్చిన రోజే షో ఆల్ అని టైపు చేసి, వచ్చిన జాబితాను పాతదాని పక్కన పెట్టి చదివి ఉండాల్సింది. కాసేపట్లో అయిపోయే ఆ పని చేయనందుకు ఒక నిర్దోషి మూడు నెలలు తలవంచుకుని తిరిగాడు.