బరువు పడ్డాకే బిగింపు

పాత పికప్ ట్రక్కు ముందు చక్రాల సస్పెన్షన్‌ను ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేవాళ్లు ఒక నియమం తప్పకుండా పాటించాలి. చక్రాన్ని ఫ్రేముకు కలిపే కంట్రోల్ ఆర్ముల్లో కొత్త రబ్బరు బుష్షులు వేశాక వాటి బోల్టులను ముందు కొద్దిగా బిగించి వదిలేయాలి. ఆఖరి బిగింపు బండిని స్టాండ్ల మీంచి దించి, దాని బరువంతా చక్రాల మీద పడ్డాకే.

కారణం బుష్షులోనే ఉంది. అది బేరింగులా గుండ్రంగా తిరిగేది కాదు. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, నడుమ రెండింటినీ కరుచుకుని ఉన్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఇక కదలదు. చక్రం గతుకు ఎక్కి దిగినప్పుడల్లా బయటి గొట్టం ఆర్ముతో పాటు కదులుతుంది, నడుమనున్న రబ్బరు కాస్త మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. బండిని పైకి ఎత్తినప్పుడు ఆర్ము కిందికి వేలాడుతుంది. అప్పుడే బిగించేస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థానమైపోతుంది. బండి నేల మీదికి దిగగానే ఆర్ము పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక బండి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలి వీడదు. రబ్బరు త్వరగా చిరిగిపోతుంది.

నా దగ్గరున్నది 1984 నాటి షెవర్లే సీ-10. ఈ తరం బళ్లు 1973 నుంచి 1987 దాకా తయారయ్యాయి, టెక్సాస్ రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. డాలస్ శివార్లలోని మా ఇంటి ముందు దీన్ని విప్పుకుని కూర్చుంటే, విజయవాడ ఆటోనగర్‌లో లారీల కిందే జుట్టు నెరిసిన మా మామయ్య వీడియో కాల్‌లో చూస్తూ ఉండేవాడు. ఆయన చేతులకు అలవాటైనవి కమాను కట్టలు. ఈ ఆర్ములూ కాయిల్ స్ప్రింగులూ ఆయన పనిలో తగిలినవి కావు. అయినా నేను పానా ఎత్తగానే, "తొందరపడకు అల్లుడూ, ముందు బండిని కూర్చోనీ. కూర్చున్నాక బిగిద్దువుగాని" అన్నాడు.

బరువంటే ఏమిటో ఆ కాయిల్ స్ప్రింగును బయటికి తీసేటప్పుడు తెలుస్తుంది. ఏళ్ల తరబడి ఇంజనును మోస్తూ నలిగి ఉన్న ఇనుము అది. బండిని ఎత్తినా, కింది ఆర్ముకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని ఇంకా బిగదీసుకునే ఉంటుంది. ఒక్కసారిగా వదిలితే మనిషిని చంపగలదు. అందుకే దాన్ని గొలుసుతో ఫ్రేముకు కట్టి, కింది ఆర్ముకు జాకీ ఆనించి, అంగుళం అంగుళం చొప్పున దించుతారు.

మన ఇళ్లలో పెద్ద నిర్ణయాలు చాలావరకు బండి గాల్లో ఉండగా బిగించినవే. అమ్మను ఎవరు చూసుకోవాలన్నది ఆదివారం ఫోన్‌లో తేలిపోతుంది. అమెరికాలో ఉన్నవాడు డబ్బు పంపుతాడు, హైదరాబాద్‌లో ఉన్నది నెలకోసారి వెళ్తుంది, ఊళ్లో ఉన్న తమ్ముడు దగ్గరుంటాడు. అందరూ సరేనంటారు, ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. కానీ ఆ రోజుకు అమ్మ తన పని తాను చేసుకుంటోంది. ఆమె మంచం పట్టాక, అర్ధరాత్రి లేపి బాత్‌రూమ్‌కు నడిపించే మరదలి నడుము మీద ఆ ఒప్పందం అసలు బరువు పడుతుంది. మాట కాదనలేక ఆమె నోరు మెదపదు. ఇంట్లో గొడవేమీ లేని రోజున కూడా ఆమెకు మెలి వీడదు. దూరంగా ఉన్నవాళ్లకు మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సరే అన్న మాట ఇంకా అలాగే ఉంది.

అలాగని అన్నీ వదులుగా ఉంచి బరువు కోసం ఎదురుచూడటం కుదరదు. అదే సస్పెన్షన్‌లో, ఆర్ము చివర చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటు నట్టు ఉంది. దాన్ని చక్రం నేలను తాకకముందే పూర్తిగా బిగించి, కాటర్ పిన్ను దూర్చి వంచాలి. పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. అది వదులైతే చక్రమే ఊడిపోతుంది. మనుషుల మధ్య కూడా అలాంటివి ఉన్నాయి. అమ్మను వదిలేయకూడదన్నది, డబ్బు లెక్కల్లో దాపరికం ఉండకూడదన్నది ముందే బిగించి పిన్ను వేయాల్సినవి. ఎవరు ఏ పని చేయాలి, ఎన్నాళ్లు చేయాలి, ఎవరికి ఎప్పుడు సెలవు దొరకాలి అన్నవి మాత్రం బుష్షు బోల్టులు. మనం తరచు తారుమారు చేస్తాం. పనుల పంపకాన్ని శిలాశాసనంలా బిగిస్తాం, లెక్కల నిజాయితీని తర్వాత చూసుకుందామంటాం.

కాబట్టి ఇంట్లో ఇలాంటి ఏర్పాటు ఏది చేసుకున్నా, మొదట చేతి బిగువు మీదే ఉంచండి. కొన్నాళ్లు నడిచాక, బరువు ఎవరి మీద పడుతోందో ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. ఆఖరి బిగింపు ఆ మనిషి చెప్పిన దాన్ని బట్టే ఉండాలి.