చిన్న టీచరు

కిందటి జూన్‌లో ఒకటో తరగతి అడ్మిషన్లు రాసుకుంటున్నాను. ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పుట్టినతేదీ చెప్పింది, ఆధార్ చూపించింది, సంతకం పెట్టింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"టీచర్, మా పిల్లను ఎవ్వరి పక్కన్నా సదువు చెప్పనీకి కూసోబెట్టకుండ్రి. దాని సదువు దాన్ని సదువుకోనియ్యుండ్రి."

మొదట నాకు అర్థం కాలేదు. ఏ కులం పిల్లల పక్కన వద్దంటోందో అని లోపల చిరాకు పడ్డాను కూడా. రిజిస్టరులో తల్లి పేరు మళ్ళీ చూశాక మనిషి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే బడిలో, నా దగ్గరే ఐదో తరగతి చదివింది. ఊళ్ళోనే మేనత్త కొడుక్కి ఇచ్చారు. ఇది ఆమె చిన్న బిడ్డ. ఆమె పేరు ఇక్కడ రాయను. అప్పట్లో బడిలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువే. అందరూ 'చిన్న టీచరు' అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. ముద్దుగానే పెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే సంవత్సరం ఏదైనా ఉందంటే అది ఆ సంవత్సరమే.

2005-06లో నాకు నాలుగు, ఐదు తరగతులు కలిపి ఇచ్చారు. ఒకే గది, 43 మంది పిల్లలు. అంతకుముందు ఏడేళ్ళూ నాకు ఒకటో తరగతే. "ఆడవాళ్ళు కదమ్మా, చిన్నపిల్లలతో మీకైతే ఓపిక ఉంటుంది" అనేవారు. పై తరగతులు చెప్పి చూపించాలన్న పట్టుదలతో ఉన్నాను. గదిలోకి వెళ్ళి చూస్తే, రెండు తరగతులు కాదు, పది తరగతులున్నాయి.

తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నీళ్ళ బొమ్మ చూపిస్తే 'పాణి' అనేవారు. ఆ జవాబు తప్పని ఎలా అంటాం? తల్లిదండ్రుల వెంట పుణె, ముంబై పనులకు వెళ్ళి ఉగాదికి తిరిగొచ్చే పిల్లలు కొందరు. వాళ్ళ పుస్తకంలో మధ్య పాఠాలు ఉండనే ఉండవు. ఒక పిల్లవాడు సంతలో మేకల బేరం నోటితో లెక్క కట్టేవాడు కానీ 'మ'కూ 'య'కూ తేడా పట్టుకోలేకపోయేవాడు. ఒత్తు కనిపిస్తే అక్కడే ఆగిపోయేవాడు. అప్పటి మాటలో వాడు మొద్దు. ఈ ఇబ్బందికి చట్టంలో చోటు దొరకడానికి 2016 దాకా ఆగాల్సొచ్చింది. 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు రకాల్లో ఇది లేదు.

అందరికీ ఒకే పాఠం ఒకేలా చెప్పడం న్యాయం కాదని నాకు తెలుసు. నేను 1998లో ఉద్యోగంలో చేరేనాటికి పాత టీచర్లు ఏపీపీఈపీ సూత్రాలు ఇంకా అప్పజెబుతుండేవారు. బ్రిటన్ సాయంతో 1980లలో మొదలైన ఆ ప్రాథమిక విద్యా పథకానికి ఆరు సూత్రాలుండేవి. అందులో ఒకటి పిల్లల వైయక్తిక భేదాలకు తగ్గట్టు బోధించడం. చార్టు మీద అందంగా రాసి గోడకు తగిలించేవాళ్ళం. ఎలా చెయ్యాలో మాత్రం ఎవరికి వాళ్ళం వెతుక్కోవాల్సిందే.

నేను వెతుక్కున్నాను. 43లోంచి 17 తీసివేత ఒక్కటే లెక్క. కొందరికి పుల్లల కట్టలిచ్చాను. పదేసి పుల్లలు రబ్బరుబ్యాండు వేసి కట్టినవి. మూడు పుల్లల్లోంచి ఏడు తీయలేరు కాబట్టి ఒక కట్ట విప్పుతారు. కొందరికి అదే లెక్క నల్లబల్ల మీద. ఇంకొందరు ఆ లెక్కకు సరిపోయే కథ తామే చెప్పాలి. చదవలేని పిల్లవాడికి సైన్సు, సాంఘికశాస్త్రం పరీక్షలు నోటితోనే పెట్టాను. అక్షరాలు ఇసుకలో వేలితో రాయించాను. తండా పిల్లల మాటలు గోడ మీద తెలుగు మాటల పక్కనే రాశాను. ఏడాది చివరికి ఆ పిల్లవాడు బస్సు బోర్డు చదివాడు. మండలంలో మీటింగు పెట్టి నా గది గురించి నాతోనే చెప్పించారు.

ఇప్పుడు ఆ గదిని మళ్ళీ గుర్తుచేసుకుంటున్నాను. నేను పుల్లల కట్టల దగ్గర కూర్చుంటే నల్లబల్ల దగ్గర ఎవరున్నారు? ఇసుక పళ్ళెం పక్కన రోజూ అరగంట ఎవరు కూర్చున్నారు? చిన్న టీచరు. ఏ లెక్క ఇచ్చినా అందరికన్నా ముందు చేసేది. చేసి, పలక బోర్లించి, చేతులు కట్టుకుని కూర్చునేది. "అయిపోయిందా? అయితే వాడికి చెప్పు" అనేదాన్ని. లేచి వెళ్ళేది. ఒక్కరోజూ కాదనలేదు.

ఆమెలాగే ముందు ముగించే మగపిల్లవాడు ఒకడుండేవాడు. వాడు చేతులు కట్టుకుని కూర్చునేవాడు కాదు. పక్కవాళ్ళను గిల్లేవాడు, బల్లలెక్కేవాడు. వాడికి పని చాలడం లేదని నాకు వెంటనే తెలిసిపోయింది. పెద్ద లెక్కలిచ్చాను. నవోదయ ప్రవేశ పరీక్షకు రాయిద్దామని మధ్యాహ్నం అన్నాలయ్యాక రోజూ ముప్పావుగంట కూర్చోబెట్టి చెప్పాను. ఆ ముప్పావుగంటా మిగతా గదిని చూసుకున్నది చిన్న టీచరే.

నవోదయలో మూడోవంతు సీట్లు ఆడపిల్లలకు కేటాయిస్తారు. నాకు తెలుసు. ఇంట్లో పంపరులే అనుకున్నాను. అడగలేదు. అడిగితే కాదనేవారేమో. కానీ వాళ్ళు కాదనడానికి ముందే వాళ్ళ తరఫున నేను కాదన్నాను. ఆమె ఏడు దాకా చదివింది. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. అక్కడితో ఆగిపోయింది.

ఇద్దరి అవసరమూ ఒకటే. చేతిలో ఉన్న పని చాలకపోవడం. వాడిది అల్లరిగా బయటపడింది కాబట్టి నాకు కనిపించింది. ఆమెది మౌనంగా ఉంది కాబట్టి అది అవసరంగా కాదు, మంచితనంగా కనిపించింది. ప్రతి బిడ్డ అవసరమూ గుర్తించి దానికి తగ్గట్టు చెప్పాలంటాం. ఆ అవసరం ఎండలా, వానలా తనంతట తాను కనబడేదేమీ కాదు. ఎవరికి అవసరాలుండొచ్చు, ఎవరు ఎదుటివాళ్ళ అవసరాలు తీర్చాలి అన్నది పిల్లలు బడికి రాకముందే ఇంట్లో తేలిపోయి ఉంటుంది. ఐదేళ్ళకే తమ్ముణ్ణి చంకనేసుకున్న పిల్ల బడిలో ఇంకొకడికి ఇసుకలో అక్షరం దిద్దించడం నాకు చాలా సహజంగా అనిపించింది. సహజంగా అనిపించే వాటిని అనుమానించాలని సభల్లో చెప్పేదాన్ని. నా గదిలో అనుమానించలేదు.

పిల్లలు పిల్లలకు చెప్పడం చెడ్డదా? కాదు. చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళకూ కొత్తగా అర్థమవుతుంది. ఇటలీలో బార్బియానా అనే కొండపల్లెలో ఫాదర్ లొరెంజో మిలానీ నడిపిన బడిలో పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవారు. ఆ బడి పిల్లలు రాసిన 'టీచరుకు ఉత్తరం' 1967లో అచ్చయింది. వెనకబడ్డ పిల్లల్ని బయటికి నెట్టేసే బడి ఎవరి కోసమని అది నిలదీస్తుంది. సమానులు కానివాళ్ళకు సమానంగా వడ్డించి చేతులు దులుపుకోవడం న్యాయం కాదంటుంది. నేను ఆ పుస్తకాన్ని చాలామంది చేత చదివించాను. మొన్న మళ్ళీ తీసినప్పుడు ఇంతకుముందు పట్టించుకోని సంగతి ఒకటి కనిపించింది. రాసింది ఎనిమిదిమంది మగపిల్లలు. ఆ ఉత్తరం ఒక టీచరమ్మను ఉద్దేశించి రాసింది. కోపం న్యాయమైనదే. ఆ టీచరమ్మకు సాయం ఎవరు అన్నది మాత్రం ఆ ఉత్తరానికి పట్టలేదు.

మన చట్టానికీ పట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షను ప్రతి బిడ్డ సామర్థ్యాన్నీ అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు విధి అంటుంది. మంచి మాట. అదే చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు దాకా అరవైమంది లోపుంటే ఇద్దరు టీచర్లు చాలు. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. విధి రాసిన చేత్తోనే దానికి కావలసిన మనుషుల్ని తక్కువ రాశారు. ఆ తక్కువను ఎవరో ఒకరు పూడ్చాలి. ప్రభుత్వం నా మీద వేసింది, నేను ఆమె మీద వేశాను. ఇంట్లో పని కిందికి దిగే దారి కూడా ఇదే కదా! అత్త కోడలి మీద, తల్లి పెద్దకూతురి మీద. ఆఖరున ఉన్న ఆడపిల్ల దగ్గర అది ఆగిపోతుంది. మా ఇంట్లో ఆ ఆఖరు పిల్లను నేనే. నాకన్నా బాగా తెలియాల్సింది ఎవరికి?

ఒకటి మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఇసుక పళ్ళెం దగ్గర ఆ పిల్లవాడికి ఇచ్చిన ఒక్క నిమిషం గురించీ నాకు విచారం లేదు. చురుకైన పిల్లలు నష్టపోతున్నారు కాబట్టి వాళ్ళను వేరే గదిలో, వేరే బడిలో పెట్టాలనేవాళ్ళ వైపు నేను వెళ్ళను. వాడికి రావలసింది వాడికి వచ్చింది. అది ఎవరి వాటాలోంచి తెచ్చి ఇచ్చాను, అడిగి తెచ్చానా అన్నదే నా ప్రశ్న.

తీసివేత చెప్పేటప్పుడు మేం 'పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోండి' అంటాం. ఆ ఏడాది ఎవరో అడిగారు, "ఆ అప్పు మళ్ళ ఎప్పుడు గడ్తం టీచర్?" అని. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరు అడిగారో గుర్తు లేదు. ఆమేనేమోనని ఇప్పుడు అనుమానం.

వారం తర్వాత ఆమె ఇంటికి వెళ్ళాను. క్షమాపణ అడగాలని వెళ్ళాను కానీ మాట రాలేదు. చాయ్ ఇచ్చింది. "అప్పుడు నీకు కష్టమనిపించిందా?" అన్నాను. చాలాసేపు ఆలోచించింది. "కష్టమేం లేదు టీచర్. మంచిగనే ఉండె. అందరు టీచరంటుండ్రి. గని నాకు వచ్చిందే చెప్పిన. రానిది నాకెవ్వరు చెప్పలె" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ఉంది. 2026-27 కల్లా మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కలు రావాలని లక్ష్యం. మా రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు వచ్చింది. పిల్లల స్థాయిలు చూసి చెప్పమంటారు. ఇరవై ఏళ్ళ కిందట నేను ఒంటరిగా తడుముకున్నది ఇప్పుడు శిక్షణలో చెబుతున్నారు. సంతోషమే. కానీ 'సాధించారు' అన్న గడిలో టిక్కు పడ్డ పిల్ల మీదికి మళ్ళీ చూపు వెళ్ళదు. ఆ టిక్కు పడిన మరుక్షణం ఆమె చిన్న టీచరు అయిపోతుంది.

జూలై నుంచి నేనొక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. రోజూ రెండే గడులు. ఈ రోజు ఎవరికి కొత్తది చెప్పాను, ఎవరి చేత సాయం చేయించుకున్నాను. శనివారం తీసి చూసుకుంటాను. మొదటి నెల రెండో గడి నిండా ఆడపిల్లల పేర్లే. తెలిసి తెలిసి కూడా! ఇప్పుడు సాయం వంతులవారీగా చేయిస్తున్నాను, మగపిల్లలకూ వంతుంది. చదవడం రాని పిల్లవాడు పుల్లల కట్టలు కట్టడం నేర్పుతాడు. సాయం చేసినవాళ్ళకు ఆ రోజే ఒక కొత్త సంగతి నేను చెప్పాలి, చెప్పలేకపోతే మర్నాటికి బాకీ రాసుకోవాలి. బాకీలు పేరుకుంటూనే ఉన్నాయి. నోటుబుక్కు వల్ల ఇద్దరు టీచర్లు ముగ్గురు కారు. ఎవరికి ఎంత బాకీ ఉన్నానో మాత్రం తెలుస్తోంది.

ఒకటో తరగతి మళ్ళీ నాకే ఇచ్చారు కాబట్టి ఆమె కూతురు నా గదిలోనే ఉంది. మొన్న 'తల', 'వల' రాయమన్నాను. అందరికన్నా ముందు రాసేసింది. పక్కన పిల్లవాడు 'వ' దగ్గర తడబడుతుంటే వంగి వాడి చెయ్యి పట్టుకుంది. వద్దనబోయాను. వాళ్ళమ్మ మాట గుర్తుంది. కానీ పక్కవాడి తడబాటు చూసి చెయ్యి చాచడం పిల్లలో ఉన్న మంచి గుణం. దాన్ని మాన్పించడానికి నేనెవర్ని? ఆ గుణాన్ని ఇరవై ఏళ్ళ కిందట వాడుకున్నదాన్ని, ఇప్పుడు కాపాడే పేరుతో తుంచేయనా?

దగ్గరికెళ్ళి అడిగాను. "వాడికి చెప్తవా, నీకు ఇంకోటి రాసియ్యాల్నా?"

ఇలాంటివి తనను అడుగుతారని దానికి తెలియదు. ఒకసారి నా వంక, ఒకసారి వాడి పలక వంక చూసింది.

"ముందుగాల నాకు ఇంకోటి రాసియ్యి టీచర్. తర్వాత వానికి చెప్త."

బలపం తీసుకుని కింద కూర్చున్నాను.