ప్రత్యర్థిని ఎరుగు, నిన్ను నీవు ఎరుగు



హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624), రమజాన్ మాసం. బద్ర్ యుద్ధానికి ముందు ముస్లిములు ఖురైషీయులకు నీళ్లు మోసే ఇద్దరిని పట్టుకున్నారు. తాము ఖురైష్ సైన్యానికి చెందినవాళ్లమని వాళ్లు నిజమే చెప్పారు. కాని పట్టుకున్నవారి మనసంతా అబూ సుఫ్యాన్ వర్తక బిడారు మీదే ఉంది. అందుకే వాళ్లు నిజం చెబితే కొట్టారు, దెబ్బలు తాళలేక బిడారు మనుషులమని అబద్ధమాడితే వదిలేశారు. నమాజు ముగించిన దైవప్రవక్త (స) ఈ పొరపాటును ఎత్తిచూపారు. సైన్యం ఎంత ఉందని అడిగితే వాళ్లు లెక్క చెప్పలేకపోయారు. రోజుకు ఎన్ని ఒంటెలు కోస్తున్నారని అడిగారు. ఒకరోజు 9, మరోరోజు 10 అన్నారు. అయితే వాళ్లు 900కూ 1000కీ మధ్య ఉంటారని ఆయన (స) గ్రహించారు. ముస్లిములు 300 పైచిలుకు మాత్రమే.

ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. మనకు నచ్చిన మాట వినాలనుకున్నంత కాలం ప్రత్యర్థి మనకు అర్థం కాడు. చేదు నిజాన్ని ఒప్పుకున్న తరువాతే సన్నాహమైనా, అల్లాహ్ మీద భరోసా అయినా.

ఇక హునైన్ చూడండి. హిజ్రీ 8వ సంవత్సరం (క్రీ.శ. 630). ఈసారి ముస్లిములు 12,000 మంది. ఇంత సంఖ్య ఉండగా ఓటమి ఎక్కడిదన్న ధీమా కొందరిలో కలిగింది. లోయలో పొంచి ఉన్న హవాజిన్ విలుకాండ్రు బాణాలు కురిపించగానే సైన్యం చెల్లాచెదరైంది. దైవప్రవక్త (స) స్థిరంగా నిలబడ్డారు. హజ్రత్ అబ్బాస్ (రజి) బిగ్గరగా పిలిస్తే చెదిరినవారు తిరిగివచ్చారు. ఆ రోజు సంఖ్య చూసి మురిసిన సంగతిని, అది ఎందుకూ కొరగాని సంగతిని అత్తౌబా సూరా 25వ ఆయతు గుర్తుచేస్తోంది. బద్ర్‌లో ప్రత్యర్థి బలం తెలిసింది. హునైన్‌లో కొందరికి తమ మనసే తెలియలేదు.

సోదరులారా! మన అసలు ప్రత్యర్థి ఎవరు? ఫాతిర్ సూరా 6వ ఆయతు ప్రకారం షైతాన్. వాణ్ణి శత్రువుగానే భావించాలని ఆజ్ఞ. వాడి పన్నాగం కూడా మనకు తెలియజేయబడింది. తన అనుచరులలో భార్యాభర్తలను విడదీసి వచ్చినవాడినే వాడు దగ్గరకు తీసుకుంటాడని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. వాడి హద్దు కూడా తెలుసు: నేను పిలిచానంతే, మీపై నాకు అధికారం లేదని ప్రళయదినాన వాడే ఒప్పుకుంటాడు (ఇబ్రాహీమ్ సూరా, 22). అంటే తలుపు తీసేది మనమే.

ఒకసారి అసర్ నమాజు తరువాత ఒక పెద్దమనిషి నా దగ్గరకొచ్చారు. "మౌలానా సాబ్, నా తమ్ముడే నా శత్రువు" అన్నారు. మధ్య గోడ తగాదా. మూడేళ్లుగా మాటల్లేవు. తల్లి నెలకొక ఇంట్లో ఉంటోంది. తమ్ముడి వకీలు ఎవరో, ఎవరెవరితో ఏమన్నాడో అన్నీ ఆయనకు కంఠస్థం. "మరి కోపమొస్తే మీ నోటి నుంచి ఏం వస్తుంది భాయీ సాబ్?" అని అడిగాను. ఆయన తల దించుకున్నారు. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా నేనూ ఆ తగవును ఆసక్తిగా వింటున్నాను. నాలోని తలుపు అది.

ఆ పండుగకు ఆయనే ముందుగా వెళ్లి సలాం చేశారు. గోడ తగాదా అలాగే ఉంది. కాని ఆ రోజు తల్లి ఇద్దరు కొడుకులనూ ఒకేచోట చూసింది.

తన్ను తాను ఎరగడం అవమానం కాదు. నిజాయితీకి పేరుపడ్డ హజ్రత్ అబూ జర్ (రజి)కి ఆయన మెతకదనాన్ని స్వయంగా దైవప్రవక్తే (స) తెలిపి, ఇద్దరి మీదైనా నాయకత్వం వహించవద్దని, అనాథ ఆస్తి బాధ్యత తీసుకోవద్దని హితవు చెప్పారు. దానితో ఆయన గౌరవం తగ్గలేదు.

కనుక ఈ రాత్రి ఇషా నమాజు తరువాత కాసేపు కూర్చుని ఆలోచిద్దాం. షైతాన్ నాలోకి ఏ తలుపు గుండా వస్తున్నాడు? కోపమా, డబ్బా, పొగడ్తా, నాలుకా? కోపమైతే నిలుచున్నవారు కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి. ఇది దైవప్రవక్త (స) నేర్పిన మందు. ముఖం చాటేసుకున్న బంధువు ఉంటే ముందుగా మనమే సలాం చేద్దాం.

అల్లాహ్ మన లోపాలను మనకు చూపించి, వాటిని దిద్దుకునే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.