అగరుబత్తీ పెట్టిన లేత్ మిషను

చిలకలూరిపేటలో ఒకే గోడకి అటొకటి ఇటొకటి రెండు లేత్ షెడ్లు. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లుల షాఫ్టులు, మిగతా రోజుల్లో ట్రాక్టర్ల పిన్నులు, బుష్షులు. పని రెండిట్లోనూ ఒకటే.

సంక్రాంతికి మూసిన షెడ్లు తెరిచేసరికి ఇటువైపు దాంట్లో కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఓనరు ముక్కు మూసుకుని రెండు అగరుబత్తీలు వెలిగించి హెడ్‌స్టాకు పక్కన గుచ్చాడు. తగ్గలేదు. కోత వేడిని చల్లార్చే కూలెంటు ట్యాంకులో ఫినాయిల్ పోశాడు. రెండూ కలిసి మూడో వాసన పుట్టింది. విసుగొచ్చి పైపైన కూలెంటు తోడేసి, కొత్త ఆయిల్ కలిపి పోశాడు. చూడ్డానికి తెల్లగా, బ్రహ్మాండంగా ఉంది. కొద్దిరోజులకే మళ్లీ అదే కంపు. ఈలోపు టర్నరు కుర్రాడి చేతులు దురదపెట్టి పొక్కులొచ్చాయి. షాఫ్టు మీద తుప్పు మచ్చలు తేలాయని మిల్లువాళ్లు వెనక్కి తెచ్చి పడేశారు.

“ఆయిల్ కల్తీది బాబాయ్” అన్నాడు ఓనరు, గోడ అవతలి పెద్ద మేస్త్రితో. ఇలాంటి ఓనర్లకి తప్పెప్పుడూ డబ్బాలోనే ఉంటుంది.

మేస్త్రి మాట్లాడకుండా ట్రే లాగాడు. ట్యాంకు అడుగున బెత్తెడు బురద. ఇనుప రజను, టీ గ్లాసు కడిగిన నీళ్లు, గుట్కా ఉమ్ము. పైన మిషను నుంచి కారిన నూనె తెరకట్టి ఉంది.

“ఈ తెర గాలి ఆడనివ్వదు అబ్బాయ్. మిషను ఆగిన రోజుల్లో, గాలి అక్కర్లేని క్రిములు కింద పెరుగుతాయి. కంపు వాటిదే. పాత బురద మీద కొత్తది పోయడమంటే పాలకి తోడెయ్యడమే.”

“మరి మీదీ మూసే ఉందిగా?”

“మూసేముందు నూనె తేర్చి వెళ్లాను.”

ఆ పూట ఇద్దరూ ట్యాంకు, పైపులు బ్రష్షుతో తోమారు. పాతదాన్ని కాలవలో పోయబోతే “దిగువన మిరపచేలున్నాయి” అని మేస్త్రి డ్రమ్ముకెత్తించాడు. ఉప్పు బోరునీళ్లు వద్దని మంచినీళ్లు తెప్పించి, 100 లీటర్ల నీళ్లలో 5 లీటర్ల ఆయిల్ కొద్దికొద్దిగా పోస్తూ కలిపించాడు. ఆయిల్లో నీళ్లు పోస్తే విరిగిపోతుంది.

నీతి: కంపుని కప్పిపెట్టేవాడు రెండుసార్లు డబ్బు కడతాడు. అగరుబత్తీకోసారి, తిరిగొచ్చిన సరుకుకోసారి. అడుగు కడగనిదే పైన ఏం పోసినా దండగే.

లేత్ ఉన్నవాళ్లకి ఒక మాట. అప్పుడప్పుడు కూలెంటులో పీహెచ్ కాగితం ముంచి చూడండి. 8.5 కంటే దిగుతోందంటే క్రిములు చేరాయేమోనని అనుమానించండి. పండక్కి తాళం వేసేముందు పైన తేలిన నూనె తీసేయండి. ట్రేలో ఉమ్మేవాణ్ణి, ఎంత పనిమంతుడైనా సరే, గట్టిగా కసరండి.